కాదిజ్: చోటు చాలక పైకీ కిందికీ పెరిగిన ఊరు

స్పెయిన్ టూర్ ప్యాకేజీల్లో బార్సిలోనా, మాడ్రిడ్, సెవియా, గ్రనాడా పేర్లు తప్పనిసరిగా కనిపిస్తాయి. సెవియాలో రైలెక్కితే రెండు గంటల లోపే చేరుకునే కాదిజ్‌కి మాత్రం ఒక పూట కేటాయిస్తే గొప్ప. దీనికి కారణం లేకపోలేదు. గ్రనాడాకి అల్‌హాంబ్రా ఉంది, బార్సిలోనాకి సగ్రాదా ఫమీలియా ఉంది. కాదిజ్‌లో అలాంటి ఒక్క కట్టడం లేదు. అది చూసేస్తే ఊరు చూసినట్టే అని చెప్పగలిగేది ఏదీ ఇక్కడ దొరకదు. అందుకే లిస్టు పట్టుకుని వచ్చినవాళ్లకు ఈ ఊరు కాస్త వెలితిగా అనిపిస్తుంది. నిజానికి లోపం ఊరిలో లేదు, చూసే పద్ధతిలో ఉంది.

ముందుగా మ్యాప్ చూడాలి. స్పెయిన్ నైరుతి మూలన, అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన ఒక సన్నటి ఇసుక మెడ ఉంది. దాని చివర పిడికిలిలా ఉన్నదే పాత ఊరు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు ప్వెర్తా దె తియెర్రా అనే కోటగోడ. ఆ పేరుకి అర్థం నేల ద్వారం. అంటే మిగతా ద్వారాలన్నీ నీటి వైపువే. గోడ దగ్గర్నుంచి పడమటి ఒడ్డుకి తీరిగ్గా నడిచినా అరగంట చాలు. పక్కన పొలాల్లోకి, తోటల్లోకి విస్తరిద్దామంటే పొలమూ లేదు, తోటా లేదు. ఇలాంటి ఊరు పెరగాలంటే రెండే దారులు. పాత ఇళ్ల నెత్తిన కొత్తవి కట్టుకోవాలి, లేదంటే ఆకాశంలోకి లేవాలి. కాదిజ్ రెండూ చేసింది. ఇక్కడ చూడదగ్గ ప్రతి చోటికీ మూలం ఈ ఇరుకే.

కిందినుంచి మొదలుపెడదాం. ఇప్పటి లెబనాన్‌లోని తూరు పట్టణం నుంచి వచ్చిన ఫినీషియన్ వర్తకులు ఈ ఊరిని స్థాపించారు. వాళ్లు పెట్టిన పేరు గాదిర్, అంటే గోడ కట్టిన చోటు. ట్రాయ్ యుద్ధం ముగిసిన 80 ఏళ్లకు ఊరు పుట్టిందని రోమన్ల కాలం నుంచీ చెప్పుకుంటున్నారు. అంటే క్రీ.పూ. 1100 ప్రాంతం. తవ్వకాల్లో దొరికిన ఆధారాలు మాత్రం క్రీ.పూ. 9వ శతాబ్దం దగ్గర ఆగుతున్నాయి. ఆ లెక్కన చూసినా పడమటి యూరప్‌లో జనం ఎడతెగకుండా నివసిస్తున్న అతి పాత నగరాల్లో ఇది ఒకటి. అప్పట్లో ఇది ఒకే నేల కూడా కాదు, కొన్ని చిన్న దీవులు. రెండు దీవుల మధ్య ఒక పాయ పారేది. కాలక్రమంలో అది పూడిపోయింది. దాని పడమటి నోరే ఈనాటి లా కలేతా బీచ్.

ఆ తొలి ఊరిని చూడాలంటే ఒక బొమ్మలాటల థియేటర్‌కి వెళ్లాలి. లా తియా నోరికా అనే ఆ థియేటర్ అడుగున, నేలకు దాదాపు 9 మీటర్ల లోతున, ఫినీషియన్ల వీధులు బయటపడ్డాయి. 2014 నుంచి సందర్శకులను లోపలికి పంపిస్తున్నారు. రెండు వీధులు, వాటికి అటూ ఇటూ మట్టి గోడల ఇళ్లు, రొట్టెలు కాల్చుకున్న పొయ్యిలు, మెత్తటి మట్టిలో దిగబడిన పశువుల కాలి గుర్తులు అక్కడ కనిపిస్తాయి. అగ్నిప్రమాదంలో చనిపోయిన ఒక మనిషి అస్థిపంజరం కూడా దొరికింది. దాని పైపొరలో రోమన్ల కాలపు చేపల ఉప్పుపట్టు కర్మాగారం, ఆపైన థియేటర్. గాజు పలకల మీద నిలబడి కిందికి చూస్తూ ఉంటే, ఈ ఊళ్లో చరిత్ర అంటే పొరలు పొరలుగా పేర్చిన నేల అని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

మినా కూడలిలోని మ్యూజియంలో ఉన్న రెండు పాలరాతి శవపేటికలది ఇదే కథ. మనిషి ఆకారంలో చెక్కిన ఈ పేటికలు క్రీ.పూ. 5వ శతాబ్దానివి. గడ్డం ఉన్న పురుషుడి పేటిక 1887లో ఊరి బయట తవ్వకాల్లో దొరికింది. దానికి జోడీగా స్త్రీ పేటిక కూడా ఎక్కడో ఉండి తీరుతుందని నమ్మినవాడు పురావస్తు పరిశోధకుడు పెలాయో కింతెరో. ఏళ్ల తరబడి ఊరంతా తవ్వించాడు. దొరకలేదు. 1946లో ఆయన కన్నుమూశాడు. 1980లో ఒక స్థలంలో పునాదులు తీస్తుంటే స్త్రీ పేటిక బయటపడింది. అది ఒకప్పుడు ఆయన ఇల్లు ఉన్న స్థలం. ఊళ్లో ఈ కథ తెలియనివాళ్లు లేరు. ఇప్పుడు ఆ రెండు పేటికలూ ఒకే గదిలో పక్కపక్కన ఉన్నాయి. మ్యూజియంలో స్పానిష్ చిత్రకారుడు సుర్బరాన్ గీసిన సన్యాసుల చిత్రాలూ ఉన్నాయి, అవి కూడా గొప్పవే. కానీ టైం తక్కువ ఉన్నవాళ్లు ముందు ఈ గదికే వెళ్లాలి.

అదే 1980లో ఇంకో ఆవిష్కరణ జరిగింది. ఎల్ పోపులో అనే మధ్యయుగపు పేటలో పాత గిడ్డంగులు తగలబడ్డాక, 13వ శతాబ్దపు కోట ఆనవాళ్ల కోసం తవ్వితే ఏకంగా రోమన్ రంగస్థలం బయటపడింది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో, ఈ ఊరి నుంచి రోమ్‌కి వెళ్లి అధికారంలో ఎదిగిన బాల్బస్ కుటుంబం దీన్ని కట్టించింది. జూలియస్ సీజర్‌కి వాళ్లు బాగా దగ్గరివాళ్లు. వ్యాసం సుమారు 120 మీటర్లు. పది వేల మంది దాకా కూర్చోగలిగేవారని అంచనా. ఇంత పెద్ద కట్టడం శతాబ్దాల పాటు ఎలా కనిపించకుండా పోయిందంటే, ఎవరూ దాచలేదు, వాడేసుకున్నారు. రాళ్లు పీకి కోట కట్టుకున్నారు. మెట్ల మీద ఇళ్లు లేపారు. ఈనాటికీ వేదిక భాగం ఇళ్ల కిందే ఉంది, దాన్ని బయటికి తీయాలంటే పేటలో కొంత భాగం కూల్చాలి. అలా కూల్చకపోవడమే మంచిదైంది. జనం కూర్చున్న మెట్ల కింద వంపు తిరిగిన సొరంగంలో నడుస్తుంటే నెత్తిన ఉన్నది బతికున్న పేట అనే స్పృహ వస్తుంది. పూర్తిగా తవ్వేసిన శిథిలాల్లో ఆ అనుభూతి ఉండదు.

ఇక పైకి వెళ్దాం. కాదిజ్ అసలు రూపం 18వ శతాబ్దంలో ఏర్పడింది. స్పెయిన్‌కి అమెరికా ఖండంతో జరిగే వ్యాపారం మీద అధికారం అంతకుముందు సెవియాది. అయితే గ్వాదల్కివిర్ నదిలో ఇసుక మేటలు పెరిగి పెద్ద ఓడలు సెవియా దాకా రాలేకపోయాయి. 1717లో ఆ వ్యాపారాన్ని నడిపే కార్యాలయాన్ని కాదిజ్‌కి మార్చారు. వెండి, కోకో, పొగాకు, రంగు సరుకులు అన్నీ ఇక్కడే దిగాయి. జెనోవా నుంచి, ఫ్రాన్స్ నుంచి, ఐర్లండ్ నుంచి వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. డబ్బు వచ్చింది కానీ నేల పెరగలేదు.

అప్పుడు కట్టిన వర్తకుల ఇళ్లను కాస్త శ్రద్ధగా చూడాలి. కింది అంతస్తు సరుకు గిడ్డంగి. దాని మీద తక్కువ ఎత్తున్న అంతస్తులో గుమాస్తాలు, లెక్కల పుస్తకాలు. ఆపైన ఎత్తైన కిటికీలతో యజమాని కుటుంబం. ఇంకా పైన పనివాళ్లు. మధ్యలో ముంగిలి, ముంగిలి కింద వాననీటి తొట్టి. చుట్టూ ఉప్పునీళ్లే కాబట్టి డాబా మీద పడిన ప్రతి చుక్కా ఆ తొట్టిలోకే చేరాలి. అన్నిటికంటే పైన, డాబా మీద, ఒక బురుజు. తమ ఓడ వస్తోందా లేదా అని చూసుకోవడానికి అది. ఎవరి ఓడ ముందు కనిపిస్తే వాళ్లకు బేరం ముందు తెలుస్తుంది. అప్పట్లో సమాచారం అంటే చూపు, చూపు కావాలంటే ఎత్తు. పక్కింటివాడు కడితే మనం ఇంకాస్త ఎత్తు కట్టాలి. అలా ఆ చిన్న ఊళ్లో 160 దాకా బురుజులు లేచాయి. వాటిలో 120కి పైగా ఈనాటికీ ఉన్నాయి. 18వ శతాబ్దం చివర్లో కొత్తవి కట్టకుండా పురపాలకులు నిషేధం పెట్టాల్సి వచ్చింది.

వింతేమిటంటే వీధిలో నడుస్తుంటే ఈ బురుజులు దాదాపు కనిపించవు. వీధులు అంత ఇరుకు. స్పెయిన్ కూడలి పక్కన ఉన్న నాలుగు బురుజుల ఇల్లు, ఐదు బురుజుల ఇల్లు లాంటివి కొన్ని మాత్రం దూరం నుంచి తెలుస్తాయి. మిగతావి చూడాలంటే మనమూ పైకెక్కాలి. అందుకు సరైన చోటు తొర్రె తవిరా. సముద్ర మట్టానికి 45 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ బురుజును 1778లో రేవుకి అధికారిక నిఘా బురుజుగా ఎంచుకున్నారు. మొదటి కాపలాదారు అంతోనియో తవిరా పేరే దానికి నిలిచిపోయింది. 1994లో ఇక్కడ కెమెరా అబ్స్‌క్యురా పెట్టారు. చీకటి గదిలో ఒక అద్దం, ఒక కటకం, గుండ్రటి తెల్లటి పళ్లెం, అంతే. బయట ఉన్న ఊరు ఆ పళ్లెంలో ప్రత్యక్షంగా కదులుతుంది. డాబా మీద ఆరేసిన దుప్పటి ఊగుతుంది, పక్షి ఎగురుతుంది, ఓడ రేవులోకి వస్తుంది. కరెంటుతో పనిలేదు, రికార్డింగ్ కాదు. కాదిజ్‌లో ఒక్క టికెట్టే కొనగలిగితే అది ఇక్కడే కొనాలి, అదీ మొదటిరోజు ఉదయమే. ఊరి అమరిక ఒకసారి కళ్లకు కట్టాక మిగతా నడకంతా తేలికవుతుంది.

వీధుల్లో ఇంకో చిన్న వివరం ఉంది. చాలా మూలల్లో ఇంటి గోడకి ఆనించి పాత ఫిరంగి గొట్టాలు నిలువుగా పాతి ఉంటాయి. మలుపు తిరిగే బండ్ల చక్రాలు గోడను రాసుకోకుండా పెట్టిన రక్షణ అది. గోడల రాయిని కూడా దగ్గర్నుంచి చూడాలి. గవ్వలు, ఆల్చిప్పల ముక్కలు కలిసి గట్టిపడిన రాయి. ఊరి పాత గోడల్లో చాలావాటికి ఇదే ఆధారం. సముద్రంలోంచి వచ్చిన రాయినే మళ్లీ సముద్రపు గాలి తింటుంది.

ఆ సంగతి పెద్ద చర్చిలో బాగా తెలుస్తుంది. అమెరికా వ్యాపారం జోరుగా ఉన్న 1722లో, విసెంతె అసెరో ప్లానుతో పని మొదలైంది. పూర్తయ్యేసరికి 1838. ఈ 116 ఏళ్లలో స్పెయిన్ తన వలస రాజ్యంలో చాలా భాగం పోగొట్టుకుంది, కాదిజ్ తన గుత్తాధికారం పోగొట్టుకుంది. డబ్బు తగ్గిన గుర్తు గోడల మీదే ఉంది. మొదట కట్టిన భాగం అలంకారాలతో వంపులు తిరుగుతుంది, పైకి పోయేకొద్దీ గీతలు తిన్నబడతాయి, రాయి రంగు మారుతుంది, నాణ్యత తగ్గుతుంది. పైభాగంలో వాడిన రాయిలోకి ఉప్పు చేరి పెచ్చులు రాలడం మొదలైంది. లోపల కప్పు కింద వల కట్టి ఉండటం చూసి రిపేర్లు జరుగుతున్నాయేమో అనుకుంటారు. అది దశాబ్దాలుగా ఉన్న వలే. దూరానికి బంగారంలా మెరిసే పసుపు పలకల గుమ్మటం ఊరికి గుర్తు. దాని కింద, సముద్ర మట్టానికి దిగువన, ఒక నేలమాళిగ ఉంది. ఇదే ఊళ్లో పుట్టి 1946లో అర్జెంటీనాలో చనిపోయిన సంగీతకర్త మాన్యుయెల్ దె ఫాల్యా సమాధి అక్కడే. ఆ మాళిగ మధ్యలో నిలబడి చిన్నగా చప్పట్లు కొడితే ప్రతిధ్వని ఉరిమినట్టు వస్తుంది.

చుట్టూ నీళ్లుండటం ఒక శాపమే. 1596లో ఆంగ్ల, డచ్చి నౌకాదళాలు వచ్చి ఊరిని దోచి తగలబెట్టాయి. కానీ రెండు శతాబ్దాల తర్వాత ఆ నీళ్లే ఊరిని కాపాడాయి. నెపోలియన్ సైన్యం స్పెయిన్‌ని దాదాపు మొత్తం ఆక్రమించినప్పుడు, 1810 నుంచి 1812 దాకా రెండున్నరేళ్లు ముట్టడిలో ఉండి కూడా కాదిజ్ లొంగలేదు. నేల వైపు దారి ఇరుకు, సముద్రం వైపు బ్రిటిష్ ఓడల కాపలా. ఎదుటి ఒడ్డు నుంచి ఫ్రెంచివాళ్లు వేసిన గుండ్లు చాలావరకు నష్టం చేయలేకపోయాయి. ఆ బాంబుల సీసంతో ఊరి ఆడవాళ్లు జుట్టు ఉంగరాలు తిప్పుకుంటున్నారని జనం పాట కట్టారు.

ఆ ముట్టడిలోనే దేశ ప్రతినిధులు ఇక్కడ సమావేశమై రాజ్యాంగం రాశారు. వాళ్లు కూర్చున్న చోటు సాన్ ఫెలిపె నేరి ప్రార్థనాలయం. కోడిగుడ్డు ఆకారపు హాలు, మధ్యలో స్తంభాలు లేవు, ఎవరు మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. 1812 మార్చి 19న రాజ్యాంగం ప్రకటించారు. ఆ రోజు సెయింట్ జోసెఫ్ పండుగ. జోసెఫ్‌ని స్పానిష్‌లో హోసె అంటారు, హోసెకి ముద్దుపేరు పెపె కాబట్టి రాజ్యాంగానికి లా పెపా అని జనమే పేరు పెట్టేశారు. 384 అధికరణాల ఆ పత్రం మొదటి అధికరణంలోనే, రెండు అర్ధగోళాల్లోని స్పానియార్డులందరి కలయికే స్పెయిన్ జాతి అని చెప్పింది. సార్వభౌమత్వం రాజుది కాదు, జాతిది అంది. దాని పరిమితులూ చెప్పుకోవాలి. ఆడవాళ్లకు ఓటు లేదు, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకు మామూలుగా పౌరసత్వం దక్కలేదు, కేథలిక్ తప్ప ఇంకో మతానికి చోటు లేదు. రెండేళ్లకే రాజు ఫెర్నాండో తిరిగొచ్చి దాన్ని రద్దు చేశాడు. అయినా దక్షిణ అమెరికాలో, ఇటలీలో, పోర్చుగల్‌లో తర్వాత వచ్చిన రాజ్యాంగాల మీద దీని ప్రభావం స్పష్టంగా ఉంది. స్పెయిన్ కూడలిలోని భారీ స్మారకం శతాబ్ది సందర్భంగా మొదలుపెట్టింది. అది ఫొటోలకు బాగుంటుంది. ఈ చరిత్ర మనసుకి తాకేది మాత్రం ఆ చిన్న హాల్లోనే.

చిత్రకళ మీద ఇష్టం ఉన్నవాళ్లు సాంతా క్వేవా అనే చిన్న ప్రార్థనాలయం వదులుకోకూడదు. అందులో గోయా చిత్రాలు మూడు ఉన్నాయి. హాయ్డన్ తన ప్రసిద్ధ గుడ్ ఫ్రైడే సంగీతాన్ని 1780లలో రాసింది ఇక్కడి ప్రార్థనల కోసమే. అక్కడికి దగ్గర్లోనే పాత ఆడవాళ్ల ఆసుపత్రి చర్చిలో ఎల్ గ్రెకో చిత్రం ఒకటి ఉంది.

రాళ్లూ రప్పలూ చూసి అలసిపోయాక చేరాల్సింది లా వీన్యా పేట. ఒకప్పుడు ద్రాక్షతోట, తర్వాత జాలర్ల పేట. 1755 నవంబర్ 1న లిస్బన్ భూకంపం వచ్చినప్పుడు లేచిన సునామీ ఈ పేటలోకి దూసుకొచ్చింది. లా పాల్మా చర్చి నుంచి పూజారి దేవమాత పతాకం పట్టుకుని ఎదురెళ్లి ఇక్కడితో ఆగమ్మా అని వేడుకున్నాడని, నీళ్లు అక్కడే ఆగాయని నమ్మకం. ఆ చోట గోడమీద ఫలకం ఉంది. ఏటా నవంబర్ 1న ఊరేగింపు చేస్తారు. విశ్వాసం సంగతి ఎవరిష్టం వాళ్లది, కానీ నీళ్లు ఎంత దాకా వచ్చాయో తరతరాలుగా మర్చిపోకుండా గుర్తుపెట్టుకున్న పేట అది.

ఈ పేటలో తినాల్సింది తోర్తియీతాస్ దె కమరోనెస్. వేలిగోరంత సన్న రొయ్యలు, ఉల్లిపాయ, కొత్తిమీరను పోలిన ఆకు, శనగపిండి, గోధుమపిండి కలిపి జారుగా చేసి నూనెలో పల్చగా వేస్తారు. తెలుగు నాలుకకి ఇది పరాయిగా అనిపించే అవకాశమే లేదు, కారం ఒక్కటే తక్కువ. సెంట్రల్ మార్కెట్ దగ్గర కాగితపు పొట్లంలో ఇచ్చే వేయించిన చేపలు కూడా అంతే సొంతంగా తోస్తాయి.

లా కలేతా బీచ్ ఈ పేట చివరే. రెండు కోటల మధ్య ఒదిగిన చిన్న ఒడ్డు. కుడివైపు 1596 దాడి తర్వాత కట్టిన సాంతా కతలీనా కోట, ఎడమవైపు నీళ్లలోకి కట్ట మీద నడిచి వెళ్లే సాన్ సెబాస్తియాన్ కోట. మధ్యలో రంగురంగుల చిన్న పడవలు. పెద్ద బీచ్‌లు గోడ అవతల కొత్త ఊళ్లో ఉన్నాయి, ఈతకి అవే మేలు. ఇక్కడికి మాత్రం పొద్దుగూకే వేళ రావాలి, ఊరి జనం సొంత కుర్చీలు తెచ్చుకుని కూర్చునే వేళకి.

ఫిబ్రవరి ప్రాంతంలో వచ్చే కార్నివాల్ గురించి చెప్పకపోతే కాదిజ్ గురించి చెప్పినట్టే కాదు. వేరేచోట్ల కార్నివాల్ అంటే ఊరేగింపులు, ఈకల దుస్తులు. ఇక్కడ అసలైనది పాట. చిరిగోతా అనే బృందాలు ఒకే వేషం కట్టుకుని, ఆ ఏడాది రాజకీయాల్ని, ధరల్ని, మేయర్లని, తమని తాము ఎగతాళి చేస్తూ కొత్త పాటలు కట్టి పాడతాయి. ఎర్ర ఇటుకల ఫాల్యా థియేటర్లో వారాల తరబడి పోటీ జరుగుతుంది. పోటీకి వెళ్లని బృందాలు వీధి మూలల్లో పాడతాయి. భాష రానివాళ్లకు మాటలు అందవు, అది నిజంగానే నష్టం. నియంత ఫ్రాంకో ప్రభుత్వం 1937లో ఈ కార్నివాల్‌ని నిషేధించింది. జనం చాటుగా పాడుకుంటూనే ఉన్నారు. 1977లో అది మళ్లీ ఫిబ్రవరి వీధుల్లోకి వచ్చింది.

ఇంత బతుకున్న పాత ఊరికి ఇప్పుడు ఒత్తిడి కూడా ఆ ఇరుకు వల్లే. 1990ల మొదట్లో లక్షా యాభై వేలు దాటిన నగర జనాభా ఇప్పుడు లక్షా పది వేల దరిదాపుల్లో ఉంది. ఓడల తయారీ దెబ్బతింది, ఉద్యోగాలు తగ్గాయి, కొత్త ఇళ్లకు స్థలం లేదు. యువతరం అఖాతం చుట్టూ ఉన్న సాన్ ఫెర్నాండో, చిక్లానా లాంటి ఊళ్లకు వెళ్లిపోతోంది. ఉన్న కొద్ది ఇళ్లలో చాలావాటిని టూరిస్టుల అద్దె ఫ్లాట్లుగా మార్చడం అద్దెలను ఇంకా పెంచుతోంది. గోడల మీద దీనికి నిరసన రాతలు కనిపిస్తాయి. క్రూయిజ్ ఓడ వచ్చిన రోజు ఉదయం చర్చి ముందు కాలు పెట్టే సందు ఉండదు, సాయంత్రానికి ఖాళీ. పొద్దున దిగి సాయంత్రం వెళ్లిపోయేవాళ్ల కంటే రెండు రాత్రులు ఉండి పేట హోటళ్లలో తినేవాళ్ల వల్లే ఊరికి ఎక్కువ మేలు. వీలైతే అపార్ట్‌మెంట్ బదులు హోటల్ గది తీసుకోవడం ఇక్కడ చిన్న విషయం కాదు.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. లెవాంతె అనే తూర్పుగాలి లేస్తే రోజుల తరబడి వేడిగా విసురుతుంది, బీచ్‌లో ఇసుక సూదుల్లా తగులుతుంది. ఆ రోజుల్లో ఇరుకు వీధులే హాయి. పొనియెంతె అనే పడమటిగాలి చల్లన.

రైల్లో వస్తే స్టేషన్ పాత ఊరి అంచునే ఉంటుంది, అది సులువు. వీలుంటే ఒక్కసారైనా అఖాతం అవతల ఉన్న ప్వెర్తో దె సాంతా మరియాలో పడవ ఎక్కి రావాలి. అరగంట ప్రయాణం. ముందు 2015లో తెరిచిన ఎత్తైన తీగల వంతెన కనిపిస్తుంది. తర్వాత నీటి గీత మీద పసుపు గుమ్మటం తేలుతుంది. ఇంకాస్త దగ్గరికొచ్చాక డాబాల మీంచి బురుజులు ఒక్కొక్కటే లేస్తాయి. వీధుల్లో కనిపించకుండా పోయేవి అవే. అక్కడ నిలబడి సముద్రం వైపే కళ్లు పెట్టుకుని చూసేవాళ్లకు, పెరు నుంచో మెక్సికో నుంచో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చే ఓడ తెరచాప మొదట కనిపించేది.